కార్డు మీద లక్షలు, వాడలో జ్వరాలు

వైద్యం మీద మన రెండు రాష్ట్రాల్లో నడుస్తున్న రాజకీయ చర్చంతా ఒక అంకె చుట్టూ తిరుగుతున్నది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే పైన ఇంకో యాభై వేలు అన్నారు. 2018 సెప్టెంబర్లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చి ఐదు లక్షలన్నది. 2023 తెలంగాణ ఎన్నికల్లో బి.ఆర్.ఎస్. పదిహేను లక్షలు పాడింది. గెలిచిన కాంగ్రెసు డిసెంబర్ 9న పది లక్షలు అమలులోకి తెచ్చింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ప్రభుత్వం ఇరవై ఐదు లక్షలన్నది. ఇదంతా సంతలో వేలంపాట లాగుంది. పాటలో పెట్టిన సరుకు మాత్రం మన జబ్బు.

దీనికి తోడు పేర్ల పంచాయితీ ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ పేరు పోయి ఎన్టీఆర్ పేరు వచ్చింది, అది పోయి వైఎస్సార్ పేరు, మళ్లీ ఎన్టీఆర్ పేరు. దీన్ని గురించి రాసే ఓపిక మాకు లేదు.

పట్టించుకోవాల్సిన మలుపు 2025లో వచ్చింది. సెప్టెంబర్ 4న ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానాన్ని ఆమోదించింది. కోటీ అరవై మూడు లక్షల కుటుంబాలకు వర్తిస్తుందన్నారు. రెండున్నర లక్షల వరకూ వైద్యం ఖర్చు బీమా కంపెనీ చూసుకుంటుంది, ఆ పైన ఇరవై ఐదు లక్షల దాకా ట్రస్టు చూసుకుంటుంది. దీనికి 'హైబ్రిడ్' అని పేరు పెట్టారు. విత్తనాల్లో హైబ్రిడ్ మనకు తెలుసు, ప్రతి ఏడూ కంపెనీ దగ్గరికే పోయి కొనుక్కోవాలి. అదే నెలలో తెలంగాణలో, ఆ మరుసటి నెలలో ఆంధ్రాలో ప్రైవేటు ఆసుపత్రులు బకాయిలు ఇవ్వడం లేదని కార్డు మీద వైద్యం ఆపేశాయి. కంపెనీ మధ్యలో ఉంటే ఈ బకాయిల బాధ ఉండదని ప్రభుత్వం వైపు వాళ్లన్నారు. కంపెనీలకు దోచిపెడుతున్నారని ప్రతిపక్షం వాళ్లన్నారు. చర్చ అక్కడే ఆగిపోయింది.

కొంచెం వివరంగా చూద్దాం. ట్రస్టు పద్ధతిలో ఆసుపత్రి ఆపరేషన్ చేసి బిల్లు పంపితే ప్రభుత్వం నేరుగా కడుతుంది. ఆలస్యంగా కడుతుంది, ఆ ఆలస్యం భారాన్ని ఆసుపత్రి రోగి మీదికి నెడుతుంది. టెస్టులకని, రక్తానికని, మంజూరు వచ్చేలోపు మందులకని ముందే డబ్బు కట్టించుకుంటుంది. బీమా పద్ధతిలో ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ఇంత అని ప్రీమియం ముందే కంపెనీకి కట్టేస్తుంది. బిల్లులు పోను మిగిలింది కంపెనీది. అంటే కాదన్న ప్రతి క్లెయిమూ కంపెనీకి మిగులే. రోజూ వచ్చే కేసులు చాలామటుకు రెండున్నర లక్షల లోపువే గదా. అంటే అసలు బేరమంతా కంపెనీ చేతికి పోయింది, ఇరవై ఐదు లక్షల బోర్డు మాత్రం ప్రభుత్వం గుమ్మానికి వేలాడుతున్నది. పైగా ఇది కొత్త దారేం కాదు. 2007లో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టిందే ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా. తర్వాతే ట్రస్టు నేరుగా నడపడం మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాం. ఆ తిరుగుడులో ఏం నేర్చుకున్నారో ఇరుపక్షాల్లో ఒక్కరూ చెప్పలేదు.

మా అభ్యంతరం ట్రస్టా కంపెనీనా అన్నదాంతో అయిపోదు. ఇరుపక్షాలూ ఒక విషయం మీద ఒప్పందంలో ఉన్నాయి. పేదోడికి వైద్యం అంటే ప్రైవేటు ఆసుపత్రిలో జరిగే ఆపరేషన్‌కు ప్రభుత్వం డబ్బు కట్టడమే, తేడా ఎవరి చేతి మీదుగా కట్టాలన్న దగ్గరే. ఈ ఒప్పందం మీద దళిత ఉద్యమం మాట్లాడాల్సినంత మాట్లాడలేదు. మేము కూడా మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో ముందు చెప్పాలి. ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లెలో ఒక పెద్దమ్మ మాకు ప్లాస్టిక్ సంచిలో దాచిన ఫైలు తీసి చూపించింది. పెనిమిటికి గుండె ఆపరేషన్ కార్డు మీద అయింది. గుంటూరులో అద్దాల ఆసుపత్రి. "లిఫ్టు ఎక్కాం నాయనా, ఏసీలో పండబెట్టారు ఆయన్ని, ఏమే అని ఎవురూ పిలవలా" అని చెప్పింది. ఆపరేషన్ సంగతి కంటే ఆ చివరి ముక్కే ఎక్కువసార్లు చెప్పింది. ఊళ్లో హోటలు బెంచీ మీద కూర్చోనివ్వని రోజులు చూసిన మనిషి ఆమె. ఆ తర్వాత రెండేళ్లకు కూతురికి విషజ్వరం వచ్చింది. పి.హెచ్.సి.లో డాక్టరు లేడు. టౌన్లో ఒక నర్సింగ్ హోంలో ఐదు రోజులుంచితే ఆ జ్వరానికి కార్డు పనికిరాదన్నారు. "గుండెకు లచ్చలిచ్చారు, జొరానికి నా చెవి కమ్మలు పోయినయి" అన్నది. ఇది పదేళ్ల పైమాట.

ఈ రెండు మాటల్నీ కలిపి పట్టుకుంటే తప్ప ఆరోగ్యశ్రీ మీద దళిత విమర్శ సాధ్యం కాదని మేము అనుకుంటున్నాం. అభ్యుదయ మేధావులు చాలామంది రెండో మాట పట్టుకుని మొదటిది వదిలేశారు. మన నాయకుల్లో చాలామంది మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశారు.

పథకం ఎక్కడ నుంచి పుట్టిందో గుర్తుచేసుకుంటే ఈ సంగతి తేటపడుతుంది. ముఖ్యమంత్రి సహాయనిధికి గుండె జబ్బు పిల్లల తల్లిదండ్రుల దరఖాస్తులు గుట్టలుగా వచ్చేవి. స్వయంగా డాక్టరైన రాజశేఖరరెడ్డి దాన్నొక పథకం చేశాడు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా పాకింది. తెల్లకార్డు ఉంటే చాలు. దానివల్ల బతికిన పిల్లలున్నారు, మన వాడల్లోనే ఉన్నారు. ఇది ఓట్ల పథకం అని కొట్టిపారేసేవాళ్లు తమ పిల్లవాడికి గుండెలో రంధ్రం ఉండి తమ చేతిలో రూపాయి లేకపోతే ఏం చేస్తారో కూడా చెప్పాలి.

కానీ దరఖాస్తు నుంచి పుట్టిన పథకానికి దరఖాస్తు లక్షణమే వస్తుంది. పెద్ద జబ్బు, ఖరీదైన జబ్బు, ఫొటో తీసి చూపించగలిగిన జబ్బు లెక్కలోకి వచ్చాయి. ఆపరేషన్‌కో ప్యాకేజీ, ప్యాకేజీకో ధర. కాలు కోసుకున్న కౌలురైతు, పాముకాటు తిన్న కూలీ, క్షయ, రక్తహీనత, బీపీ, షుగరు మాత్రలు నెలనెలా కొనుక్కోవడం, ఇవేవీ మొదట్లో ఆ లెక్కలో లేవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఆడవాళ్లకు రక్తహీనత ఉందని తేలింది. రక్తహీనతకు ప్యాకేజీ పెట్టడానికి ఏముంది గనక? తిండి, కూలి రేటు, పి.హెచ్.సి.లో ఐరన్ మాత్ర. అందులో ఎవరికీ లాభం లేదు. 2011లో ఇ.పి.డబ్ల్యు.లో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, శ్రీవత్సన్ రాసిన వ్యాసం ఈ పద్ధతిలో పైచేయి ప్రైవేటు రంగానిదేనని శీర్షికలోనే చెప్పింది. ఆ తర్వాత జాబితాలు పెరిగాయి, నిజమే. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి రూపాయలు దాటిన బిల్లుకు కార్డు పనిచేస్తుందన్నారు, జ్వరాలు కూడా చేర్చుకుంటూ వచ్చారు. మంచిదే. కానీ జ్వరానికి కూడా మంచం ఎక్కితేనే డబ్బు. వాడకు డాక్టరు రావడం, ఊరి ఆసుపత్రిలో మందుండడం అనేవి కార్డు మీద రాసేవి కావు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ చర్చలో ఎవరూ చెప్పరు. 2015–16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇంత తేడా మన ఆడవాళ్ల కడుపుల్లో ఉన్న జబ్బు వల్ల వచ్చింది కాదు. తెల్లబట్ట అవుతుందని, నడుం నొప్పని నర్సింగ్ హోంకు పోయిన కూలిమనిషికి "సంచి తీసేస్తే పీడ పోతుంది, లేకపోతే క్యాన్సరవుద్ది" అని చెప్పడం ఆరోగ్యశ్రీ కంటే ముందే ఉంది. అప్పట్లో మేకనో, మెడలో గొలుసునో అమ్మి కట్టేవాళ్లు. కార్డు వచ్చాక అమ్మే పని తప్పింది, కత్తి మాత్రం ఆగలేదు. ఆఖరికి ప్రభుత్వమే ఈ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆసుపత్రుల జాబితాలోంచి తీయాల్సొచ్చింది. ముప్పై ఏళ్లకే సంచి పోయి, ఎముకలు గుల్లయి, నాటుకు వంగలేక ఇంట్లో కూర్చున్న ఆడమనిషికి పోయిన కూలి ఏ బీమాలోనూ రాదు. బీమా అనేది జరిగిన వైద్యానికి డబ్బు కడుతుంది, ఆ వైద్యం అవసరమా అని మన తరఫున అడగదు. అడిగినా తన డబ్బు కోసం అడుగుతుంది. కంపెనీ పెట్టే తనిఖీ మన ఒంటిని కాపాడే తనిఖీ కాదన్నది మర్చిపోకూడదు.

అయితే దళితవాదులు బీమా అనే మాటకే వ్యతిరేకులుగా ఉండాలా? ఇక్కడ అంబేడ్కర్ దగ్గరికి వెళ్లక తప్పదు. అలవాటుగా పేరు తలవడానికి కాదు, ఆయన ఈ విషయం మీద పనిచేశాడు గనక. 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కార్యవర్గంలో ఆయన కార్మిక సభ్యుడు. కార్ఖానా కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని 1943లో బి.పి.అదార్కర్‌కు అప్పగించింది ఆ శాఖే. 1944లో వచ్చిన అదార్కర్ నివేదిక నుంచే 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. అందులో యజమాని వాటా తప్పనిసరి. కార్మికుడు కూడా తన వాటా కడతాడు. అందుకే ఆసుపత్రికి పోయినవాడు దానం అడుక్కునేవాడుగా పోడు, హక్కుదారుగా పోతాడు. ఆసుపత్రి, డిస్పెన్సరీ కూడా ఆ సంస్థవే ఉంటాయి. జబ్బు రోజుల్లో పోయిన కూలిలో కొంత చేతికొస్తుంది.

1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంబేడ్కర్ ఇంకా ముందుకు పోయాడు. బీమా మొత్తం రాజ్యం గుత్తాధిపత్యంలో ఉండాలన్నాడు, వయసొచ్చిన ప్రతి పౌరుడూ తన ఆదాయానికి తగ్గ జీవిత బీమా తీసుకునేట్టు రాజ్యం చెయ్యాలన్నాడు. మనిషికి భద్రత ఒక కారణం. ఆ సొమ్ము ప్రజల ప్రణాళికకు పెట్టుబడిగా రావడం రెండో కారణం. దీన్ని పక్కన పెట్టుకుని ఇప్పటి బీమా సంస్కరణలు చూడండి. 1956లో జీవిత బీమాను, 1972లో సాధారణ బీమాను జాతీయం చేశారు. 1999 చట్టంతో ప్రైవేటుకు తలుపు తీశారు. విదేశీ వాటా 26తో మొదలై 2015లో 49కి, 2021లో 74 శాతానికి పోయింది, 2025 బడ్జెట్‌లో నూరు శాతం అన్నారు. అంబేడ్కర్ దృష్టిలో జనం సొమ్ము బీమా ద్వారా రాజ్యం చేతికొచ్చి మళ్లీ జనానికి పెట్టుబడి కావాలి. ఇప్పుడు రాజ్యం చేతిలోని జనం సొమ్ము బీమా ద్వారా కంపెనీ చేతికి పోతున్నది. ఈ రెండిటికీ బీమా అనే ఒకే పేరుండడం మనవాళ్లను తికమక పెడుతున్నది. ఏప్రిల్ 14న విగ్రహానికి దండవేసి అదే వారంలో ప్రీమియం టెండర్ల గురించి మాట్లాడే మంత్రులకు ఆ తికమక సుఖంగానే ఉన్నట్టుంది.

అంబేడ్కర్ కాలంనాటి ఆ ఏర్పాటులో కూడా మనకు దక్కనిది ఉంది, అది దాచకూడదు. ఇ.ఎస్.ఐ. ఏడాది పొడుగునా నడిచే కార్ఖానాలకే మొదలైంది. పొలంలో కూలి చేసే మాల మాదిగలు, తోలు పని వాళ్లు, పాకీ పని వాళ్లు బయటే ఉండిపోయారు. 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక పదివేల నుంచి ఇరవైవేల జనాభాకు 75 పడకల ఆసుపత్రి ఉండాలని కలగన్నది. డబ్బు లేదని ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది. కార్ఖానాకు బీమా, పల్లెకు ప్రభుత్వాసుపత్రి అన్నట్టు పంపకం జరిగింది. పల్లె వాటా రాలేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి జి.డి.పి.లో రెండున్నర శాతం ప్రభుత్వాలు ఖర్చుపెట్టాలన్నది. 2021–22 లెక్కల్లో అది 1.84. దేశంలో వైద్యం మీద ఖర్చయ్యే ప్రతి వంద రూపాయల్లో 39 జనం తమ జేబులోంచి పెడుతున్నవే. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఒకసారి ఆసుపత్రిలో చేరితే ప్రభుత్వంలో సగటున రూ. 4,452, ప్రైవేటులో రూ. 31,845. ఏడు రెట్లు. ఈ ఏడు రెట్ల చోట ప్రభుత్వ సొమ్ము పోసి, ఒక రెట్టు చోట డాక్టరు పోస్టు ఖాళీగా ఉంచడాన్ని ఏ అర్థశాస్త్రం ప్రకారం పొదుపంటారో మాకు అర్థం కాలేదు.

అలాగని 'ప్రభుత్వ వైద్యాన్ని కాపాడుకుందాం' అని నినాదమిచ్చి చేతులు దులుపుకోవడం మావల్ల కాదు. ఏ ప్రభుత్వ వైద్యం? ధర్మాసుపత్రి అని మనవాళ్లు పిలిచే చోట కాన్పు నొప్పులు పడే ఆడమనిషిని ఏమే ఒసే అన్నది, మగపిల్లాడు పుడితే ఇంత, ఆడపిల్లయితే ఇంత అని రేటు కట్టింది ప్రైవేటు వాళ్లు కాదు. వైద్య విద్యార్థులు చెయ్యి తిప్పుకోవడం నేర్చుకున్నది మన ఒళ్ల మీద, శవాన్ని కోసి నేర్చుకున్నది దిక్కులేని మన శవాల మీద. నేర్చుకున్నాక పోయి బోర్డు కట్టుకున్నది టౌన్లో సొంత నర్సింగ్ హోంకు. డెల్టా మిగులు సినిమాల్లోకి, కాలేజీల్లోకి పోయినట్టే ఆసుపత్రుల్లోకీ పోయింది. ఆ పెట్టుబడి కులం ఏదో పల్లెలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. కార్డు సొమ్ము చివరికి చేరేది అక్కడికే. పెద్దమ్మకు లిఫ్టులో దొరికిన మర్యాద కూడా కార్డులో బ్యాలెన్సు ఉన్నంతసేపటిదే. ఆ సంగతి బకాయిల కోసం వైద్యం ఆపేసిన రోజున అందరికీ తెలిసొచ్చింది.

ప్రభుత్వాసుపత్రిలో మనవాళ్లు రోగులుగానే కాదు, పనివాళ్లుగా కూడా ఉన్నారు. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి, జమ్మలమడుగు కాంప్‌బెల్ ఆసుపత్రి, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి లాంటి మిషను ఆసుపత్రుల్లో నర్సుపని నేర్చుకున్న దళిత క్రైస్తవ స్త్రీలే ఒక తరంలో ఈ రాష్ట్రపు నర్సమ్మలు. అంటు అని మిగతావాళ్లు ముట్టని ఒళ్లను ముట్టుకున్నది వాళ్లే. ఆ తర్వాత రిజర్వేషన్ మీద మన పిల్లలు డాక్టర్లయ్యారు. ప్రభుత్వాసుపత్రి ఉంటే రోస్టర్ ఉంటుంది, రోస్టర్ ఉంటే మన నర్సు, మన డాక్టరు ఉంటారు. వైద్యాన్ని బీమాతో కొనుక్కునే వ్యవస్థలో రోస్టర్ లేదు. వైద్యం ఖర్చు చర్చలో ఉద్యోగాల మాట తెస్తారేంటని కొందరు విసుక్కుంటారు. మాకు రెండూ ఒకే విషయం. పెద్దమ్మను 'ఏమే' అనకుండా ఉండే ఆసుపత్రి కావాలంటే అందులో ఆమె మనవరాలు స్టెతస్కోపు వేసుకుని తిరగాలి.

అందుకే మెడికల్ కాలేజీల గొడవను ఇందులో కలిపి చూడాలంటున్నాం. బీమా విధానం ఆమోదించిన రోజునే, అదే మంత్రివర్గం పది కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలను పి.పి.పి. పద్ధతిలో ప్రైవేటుకు ఇవ్వడానికి ఒప్పుకున్నది. జగన్ పార్టీ దానిమీద సంతకాల ఉద్యమం నడిపింది. సంతకం పెట్టినవాళ్లలో మేమూ కొందరం ఉన్నాం. కానీ అదే పార్టీ ప్రభుత్వం 2023లో 107, 108 జీవోలు తెచ్చి కొత్త ప్రభుత్వ కాలేజీల్లోనే సగం సీట్లను సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్.ఆర్.ఐ. పేరుతో అమ్మకానికి పెట్టింది. అప్పుడు ఆ జీవోలు రద్దు చేస్తామన్న తెలుగుదేశం వచ్చి, కాలేజీలనే అప్పగించడానికి సిద్ధపడింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసు సుప్రీంకోర్టుకు పోయింది మన రాష్ట్రం నుంచే, ప్రైవేటు కాలేజీల క్యాపిటేషన్ ఫీజు మీదనే. ముప్పై ఏళ్లలో రూపం మారింది, సీటు కొనేవాళ్ల కులం మారలేదు. కోటి పోసి సీటు కొన్నవాడు ఆ కోటి ఎక్కడ రాబట్టుకుంటాడన్న ప్రశ్న నుంచే వైద్యం ఖర్చు చర్చ మొదలుకావాలి. అసెంబ్లీలో అది ఎప్పుడూ బిల్లు దగ్గరే మొదలవుతున్నది.

ఇంకొకటి సబ్‌ప్లాన్ సంగతి. 2013లో పోరాడి తెచ్చుకున్న ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. బడ్జెట్ పుస్తకంలో 789 పద్దు ఎస్సీలది. ఆరోగ్యశ్రీ ట్రస్టుకిచ్చే సొమ్ములో ఒక వాటా ఆ పద్దు కింద రాస్తూ వచ్చారు. అంటే అందరికీ ఇచ్చే పథకంలో మన భాగం ఇంత అని మన నిధిలోంచి కోసి చూపించడం. మన పేటలో ఉపకేంద్రం కట్టడానికీ, వాడకు మంచినీళ్ల పైపు వెయ్యడానికీ రావాల్సిన రూపాయి కార్పొరేట్ ఆసుపత్రి బిల్లయి వెళ్తున్నది. హైబ్రిడ్ వస్తే ప్రీమియం కూడా ఇందులోంచే రాస్తారా? కంపెనీ మిగుల్చుకున్న సొమ్ములో దళితుల వాటా ఎంతో ఏ పద్దులో చూపిస్తారు? ఈ ప్రశ్న అడగాల్సిన రిజర్వుడు నియోజకవర్గాల శాసనసభ్యుల్లో ఒక్కరైనా అడుగుతారేమో చూస్తున్నాం.

మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగేవాళ్ల కోసం 2023లో కేంద్రం 'నమస్తే' పథకం తెచ్చింది. అందులో వాళ్లకు ఆయుష్మాన్ కార్డు ఇస్తారు. మనుషుల చేత ఆ పని చేయించకూడదని 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలున్నాయి. 2023 అక్టోబర్‌లో మురుగు కాలవలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ముప్పై లక్షలివ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. నిషేధించిన పనికి బీమా ఇవ్వడమంటే ఏంటో బీమా సంస్కరణల మీద సంపాదకీయాలు రాసేవాళ్లెవరైనా వివరిస్తే బాగుండును. మ్యాన్‌హోల్లో విషవాయువు పీల్చినవాడు ఆసుపత్రి దాకా బతికి చేరితేనే ఆ కార్డుకు పని.

ఈ వ్యాసం మీద మాలో మేము చాలా వాదించుకున్నాం. బీమా పద్ధతిని మొత్తంగా వ్యతిరేకించాలని కొందరం అన్నాం. ప్రభుత్వాసుపత్రి మనల్ని మనుషులుగా చూసేదాకా పెద్దమ్మ చేతిలోంచి కార్డు లాక్కునే హక్కు మనకెక్కడిదని మిగతావాళ్లం అన్నాం. కార్డు ఉండాలి, కంపెనీ ఉండకూడదు, 789 పద్దు ముట్టుకోకూడదు, కాలేజీలు అప్పగించకూడదు అన్న నాలుగింటి మీద మాత్రం అందరం ఒప్పుకున్నాం. జ్వరానికి కమ్మలు పోకుండా ఉండాలంటే ఆ పి.హెచ్.సి.లో డాక్టరును ఎట్లా కూర్చోబెట్టాలన్న దగ్గర, బదిలీల చట్టమా, వాడ కమిటీల తనిఖీయా, మన పిల్లలకు సొంత మండలంలోనే పోస్టింగా అన్న దగ్గర మాట తెగలేదు. వాడల్లో పనిచేస్తున్నవాళ్లు, పి.హెచ్.సి.ల్లో ఉద్యోగం చేస్తున్న మన నర్సులు, ఏ.ఎన్.ఎం.లు దీనిమీద రాస్తే వచ్చే సంచికలో వేస్తాం.